అట్ట మీద మా పెద్దమ్మ

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను ఐదో తరగతి వరకే చదివాను, అదీ సగంలో ఆగిపోయింది. పెన్ను పట్టుకుని ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఒత్తు ఎక్కడ పెట్టాలి, దీర్ఘం ఎక్కడ తీయాలి అని ఆలోచిస్తూ కూర్చుంటే పక్కన టీ చల్లారిపోతోంది, పరీక్షకు కూర్చున్నట్టు భయంగా ఉంది. అక్షరాలు వంకరగా ఉంటే, చెప్పిందే మళ్లీ చెబితే, మీ ఇంట్లో చిన్నపిల్ల రాసిందనుకుని చదవండి. (ఒక నవల అచ్చేయించుకున్న మనిషికి ఇంత భయమేంటని అడుగుతారేమో. ఆ నవల నేను చేత్తో రాయలేదు, నోటితో చెప్పాను. ఆ సంగతే ఇది.)

ఆ రోజుల్లో, అంటే మరీ వెనకటి రోజులేం కావు, ఫోన్‌కి తెలుగులో మాట చెబితే అదే టైపు చేసుకుంటుందని మా దగ్గర అందరికీ కొత్తగా తెలిసిన రోజులు, తెల్లవారుజాము అంటే నాకు కంపెనీ బస్సే. లక్డారం మూల మీద చలిలో నిలబడితే ముందు రెండు లైట్లు కనబడేవి, చాలాసేపటికి వాటి వెనక బస్సు కనబడేది. ఎక్కి కిటికీ అద్దానికి తల ఆనిస్తే అద్దం వణుకు మెల్లగా తలలోకి దిగేది. ఆ వణుకులో సగం నిద్ర, సగం కల. బయట ముత్తంగి గోదాముల దీపాలు, రింగు రోడ్డు మీద వరసగా లారీల ఎర్ర లైట్లు, దూరంగా ఫ్యాక్టరీల గొట్టాలు. పొగ ఏదో, మంచు ఏదో తెలిసేది కాదు. (వాసన చూస్తే తెలిసేది.) నాకు ఇరవై రెండేళ్లుంటాయి. ఆ మసక వెలుగులో లోకం ఇంకా పూర్తిగా తయారు కాలేదనీ, మనం ఏదనుకుంటే అదే అవుతుందనీ అనిపించేది.

గడ్డపోతారంలో మందుల కంపెనీలో మా పని ప్యాకింగ్. లోపలికి వెళ్లాలంటే తలకు టోపీ, ముఖానికి మాస్కు, ఒంటికి తెల్ల గౌను. గాజులు, పూలు, బొట్టు అన్నీ గేటు దగ్గరే తీసేయాలి. షిఫ్టు అయ్యేవరకు మనిషికి రెండు కళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. మాటలు కూడా ఉండవు. అందుకే మా ముచ్చట్లన్నీ బస్సులోనే. ముందు సీటు మా పెద్దమ్మది. పెద్దమ్మ అంటే మా అమ్మకు స్వయానా అక్క, నన్ను ఆ కంపెనీలో పెట్టించింది ఆమే. బస్సులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమే చెప్పేది, ఉడకబెట్టిన పల్లికాయలు ఆమే పంచేది, డ్రైవర్ అన్నకు బ్రేకు ఎప్పుడు వేయాలో కూడా ఆమే చెప్పేది. ఆమె వెనక సీటు గాజులక్కది. చేతినిండా గాజులు వేసుకుని వచ్చి, గేటు దగ్గర ఒక్కొక్కటి తీస్తూ ఒక్కొక్క తిట్టు తిట్టేది కాబట్టి ఆమెకు ఆ పేరు వచ్చింది.

ఒకరోజు ముత్తంగి దగ్గర లారీ అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. అందరూ విసుక్కుంటుంటే నేను ఊరికే అన్నాను, "గీ బస్సుల ఆఖరి సీట్ల ఒక శవమున్నదనుకోన్రి."

బస్సు మొత్తం వెనక్కి తిరిగి చూసింది. అంతే, కథ మొదలైపోయింది. ఆ శవం ఒక సూపర్‌వైజర్‌ది. టోపీ, మాస్కు పెట్టి నిటారుగా కూర్చోబెట్టారు కాబట్టి లక్డారం నుంచి గడ్డపోతారం దాకా అది శవమని ఎవరికీ తెలియలేదు. చంపింది ఎవరు? రోజుకు కొంచెం చొప్పున చెబుతూ పోయాను. కథలో అందరూ మా బస్సువాళ్లే. ముందు సీటులో కూర్చునే ముసలామె, గాజులామె, డ్రైవరు. బస్సులో అందరి మీదా అందరికీ అనుమానం. గాజులక్క రోజుకొకరిని చంపింది నువ్వేనని పట్టుకునేది. ఇంటికి నడిచి వెళ్తూ అదే కథ ఫోన్‌కు చెప్పేదాన్ని. (చేను గట్టు మీద ఒక్కదాన్నే "రక్తం, రక్తం" అని అరుస్తూ పోతుంటే ఊళ్లో ఏమనుకున్నారో మీరే ఊహించుకోండి. మా అమ్మ తాయత్తు కట్టించింది.) చివరి భాగం మాత్రం బస్సులో చెప్పలేదు. అది పుస్తకంలోనే చదవాలని పట్టుబట్టాను.

పెద్దమ్మకు ఆగలేదు. "ఏమే, సంపింది ఎవరో నా చెవుల జెప్పు. ఎవ్వలకు జెప్ప."

"చెప్ప పెద్దమ్మా. పుస్తకంల సదువుకో."

"నాకు సదువొస్తదా? మూడో తరగతిల పలక పలిగింది, గప్పటి సంది బడి బందు."

"అయితే నేర్సుకో."

ఆ మాట నేను నవ్వులాటకే అన్నాను. మర్నాడు చూస్తే పెద్దమ్మ కిటికీ పక్కకు జరిగి కూర్చుంది, కళ్లద్దాలు పెట్టుకుంది. బస్సు పోతుంటే రోడ్డు పక్కన బోర్డులు కూడబలుక్కుంటోంది. "పం... చ... ర్." కొంచెం దూరం పోయాక, "కి... రా... యి... కి." బస్సు తొందరగా పోతే డ్రైవర్ అన్న మీద కేకలు. "ఏయ్, జెర మెల్లగ పోనియ్యి, సగం బోర్డు పోయింది!" నెలలు గడిచేకొద్దీ బోర్డులు పూర్తిగా చదవసాగింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా మొదలుపెట్టారు. అప్పుడే నాకు ఆ కల పట్టుకుంది. తెల్లవారుజామున బస్సులో అందరి చేతుల్లో నా పుస్తకం, ఎవరూ మాట్లాడటం లేదు, పేజీ తిప్పే చప్పుడు ఒక్కటే. పెద్దమ్మ చివరి పేజీకి వచ్చి, చంపింది ఆ ముందు సీటు ముసలామేనని తన నోటితో తానే చదువుకుని ఉలిక్కిపడుతుంది. నాకు కావలసింది ఆ ఉలికిపాటు ఒక్కటే. మిగతా నవల అంతా దానికోసం కట్టిన మెట్లే.

లోపలి పేజీలు సంగారెడ్డిలో పెళ్లిపత్రికలు అచ్చేసే ప్రెస్సులో ఒక పెద్దాయన దిద్ది పెట్టాడు. అట్ట మాత్రం నీ ఇష్టం, ఎక్కడైనా చేయించుకో అన్నాడు. నాకు తెలిసిన బొమ్మల మనిషి ఒక్కడే, ముత్తంగిలో ఫ్లెక్సులు కొట్టే అన్న. పుట్టినరోజైనా, పండగైనా, ఎవరైనా పోయినా ఆ చుట్టుపక్కల స్తంభాలకు కట్టేవన్నీ ఆయన చేసినవే. ఆయన దగ్గరికి పోయి కళ్లు మూసుకుని నా అట్ట ఎలా ఉండాలో చెప్పాను.

"అన్నా, అంత పొగమంచుండాలె. ఆ మంచుల ఒక బస్సు. తలుపు తెరిసుండాలె. లోపట ఒక్కటే లైటు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"మనుషులు?"

"లేరు."

ఫ్లెక్స్ అన్న మౌసు వదిలేసి నా వైపు తిరిగాడు. "చెల్లె, మనుషుల్లేని బొమ్మ నా సర్వీసుల కొట్టలే. సూసినోళ్లు బస్సు అమ్మకానికి పెట్టిన్రనుకుంటరు."

నేను ఒప్పుకోలేదు. కానీ ఆ మాట బస్సులోకి పాకింది. గాజులక్క అడిగింది, "అట్ట మీద ఎవల ఫొటో ఏస్తున్నవే?"

"ఎవలది లేదక్కా. పొగమంచు."

"పొగమంచా? గది రోజు సూస్తలేమా? మా మొఖాలే ఎవ్వలు సూస్తలేరు. పొద్దుగాల చీకటి, లోపట మాస్కు, ఇంటికి పోయేసరికి మళ్ల చీకటి. ఒక్క అట్ట మీదన్న మమ్ముల కనవడనియ్యరాదు?"

నా పొగమంచు ఆమె గొంతు ముందు నిలబడలేకపోయింది. సెలవు రోజున అందరూ పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని ఫ్లెక్సు దుకాణానికి వచ్చారు. దారిన పోయేవాళ్లు పెళ్లి ఎవరిదని అడిగారు. ఫ్లెక్స్ అన్న ఒక్కొక్కరినీ గోడకు నిలబెట్టి నవ్వమన్నాడు.

"నవ్వొద్దన్నా," అన్నాను నేను, "సస్పెన్స్ నవల."

"నవ్వకుంటె ఆధార్ కార్డు మొఖం పడ్తది చెల్లె, నీ ఇష్టం."

అందరూ నవ్వారు. పెద్దమ్మ చేతులు ఏం చేయాలని అడిగింది. "జోడించు పెద్దమ్మా, పెద్ద లీడర్లందరు గట్లనే నిలవడ్తరు," అన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించి, ఓట్లు అడుగుతున్నట్టు చక్కగా నవ్వింది. శవం ఫొటో దగ్గర చిక్కు వచ్చింది. సూపర్‌వైజర్‌ని ఫొటో అడిగే ధైర్యం ఎవరికుంటుంది? డ్రైవర్ అన్న ముందుకు వచ్చాడు. "శవమైతేంది, మనిషేనాయె. నన్నెయ్యి." జుట్టు దువ్వుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని శవానికి నిలబడ్డాడు.

అందరూ వెళ్లాక ఫ్లెక్స్ అన్న నన్ను ఆపాడు. "ఎవలెవలు ఏందో చెప్పు చెల్లె. సెట్టింగ్ జెయ్యాలె."

సెట్టింగ్ అంటే నేను నీడలు అనుకున్నాను. అనుమానం ఉన్నవాళ్ల ముఖం మీద కొంచెం నీడ, అసలు మనిషి మీద కొంచెం వెలుగు, అలా ఏదో సూక్ష్మంగా చేస్తాడనుకున్నాను. దుకాణంలో ఎవరూ లేరు కదా అని చూసుకుని, చెవిలో మొత్తం చెప్పేశాను. ఎవరికీ చెప్పనని ఆయన ఫ్లెక్సులు అచ్చేసే మిషన్ మీద చేయి వేసి ఒట్టు పెట్టాడు. (న్యాయంగా చెప్పాలంటే ఆయన నోటితో ఎవరికీ చెప్పలేదు.)

వారం తర్వాత అట్ట నా ఫోన్‌కు వచ్చింది. షిఫ్టు అయిపోయి బస్సులో అద్దానికి తల ఆనించి ఉన్నాను. నా ఫోన్ అద్దం మూలన పగిలి ఉండేది, బొమ్మ గోరంత కనబడేది. కళ్లు మూతలు పడుతున్నాయి. చూశాను. వెనకాల పొగమంచు! నేను చెప్పిన పొగమంచే, తెల్లగా, పలచగా, బస్సు లైటు చుట్టూ గుండ్రంగా. ముందర ఏవో రంగులు, ఏవో ముఖాలు, ఏవో చిన్న చిన్న అక్షరాలు ఉన్నాయి. నాకు అవేవీ కనబడలేదు. నాకు మంచు ఒక్కటే కనబడింది. ఆ మంచులోకి చాలాసేపు అలా చూసి, ఓకే అని పెట్టి, నిద్రపోయాను.

పుస్తకాలు వచ్చిన రోజు బాగా గుర్తుంది. సంగారెడ్డి నుంచి తాళ్లు కట్టిన అట్టపెట్టెలు ముత్తంగి స్టాపుకు వచ్చాయి. డ్రైవర్ అన్న వాటిని బస్సులోకి ఎక్కించాడు. నేను విప్పలేదు, అందరితో కలిసి చూడాలని దాచుకున్నాను. గాజులక్క పళ్లతో తాడు కొరికి మొదటి పుస్తకం తీసింది. తీసి, దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఒక్క గాజు కూడా చప్పుడు చేయలేదు.

"ఏందక్కా?" అన్నాను.

పుస్తకం నా చేతికి ఇచ్చింది. పైన ఎర్ర అక్షరాల్లో నవల పేరు, "ఫస్ట్ షిఫ్టు బస్సులో శవం". దాని చుట్టూ గులాబీలు రాలుతున్నాయి. మధ్యలో అట్టంత పెద్దగా మా పెద్దమ్మ, చేతులు జోడించి నవ్వుతోంది. కింద గుండ్రని గుండ్రని ఫొటోల్లో మిగతావాళ్లు, గాజులక్కతో సహా. ఫ్లెక్సు అన్నాక ఫొటో ఒక్కటే ఉండదు కదా, దాని కింద మనిషి పేరు, పేరు కింద హోదా ఉంటుంది. వార్డు మెంబర్ అనో, యువజన నాయకుడు అనో వేయకపోతే ఆ మనిషి వచ్చి కొట్లాడతాడు. మా ఫ్లెక్స్ అన్న ఎవరినీ చిన్నబుచ్చలేదు. గుండ్రని ఫొటోల కింద ఒక్కొక్కరికీ పేరు పెట్టి, కింద "అనుమానితురాలు" అని వేశాడు. మూలన డ్రైవర్ అన్న నల్ల కళ్లద్దాల ఫొటోకు పూలదండ వేసి, దీపం వెలిగించి, పేరు ముందు "కీ.శే." పెట్టాడు.

పెద్దమ్మ చేయి చాపింది. "ఏదీ, ఇటియ్యి. నా ఫొటో ఎట్లొచ్చింది?"

ఇవ్వకుండా ఎలా ఉండగలను? కళ్లద్దాలు సరిచేసుకుంది. ముందు ఫొటో చూసుకుని మురిసింది, కొంగు బాగా పడిందంది. తర్వాత వేలు కింది అక్షరాల మీదికి పోయింది. నెలల తరబడి కిటికీలోంచి నేర్చుకున్న చదువు మొత్తం ఆ వేలి చివర ఉంది.

"హం... త... కు... రా... లు," అంది. తల ఎత్తి, ముఖం వెలిగిపోతూ, "సదివిన! ఒక్క తప్పు లేకుంట సదివిన!" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మెల్లగా ఆ మాట ఆమెలోకి దిగింది. మళ్లీ చదివింది. నా వైపు చూసింది.

"నేనా?"

అప్పుడు లేచింది గోల. "ఓయమ్మో, పెద్దమ్మనే సంపిందట!" అని ఒకరు, "పల్లికాయలు పంచుకుంటనే సంపిందా?" అని ఇంకొకరు, "నేను ముందే జెప్పలేదా?" అని గాజులక్క (ఆమె ఎప్పుడూ చెప్పలేదు). ఈలోపు పుస్తకం ముందుకు పోయి డ్రైవర్ అన్న చేతిలో పడింది. బస్సు కీచుమని ఆగింది. "ఎవడురా నన్ను కీర్తిశేషుణ్ణి జేసింది! ఇంట్ల పిల్లల తల్లి సూస్తె ఏమైతది?" (ఆమె చూసింది. ఎర్రనీళ్లతో దిష్టి తీసింది, ఆయన్ను గుడి చుట్టూ తిప్పింది, నా ముఖం చాలా రోజులు చూడలేదు.)

నేను వెనక సీటులోకి పోయి, అవును, ఆ ఆఖరి సీటులోకే, ముఖం కొంగులో దాచుకుని ఏడ్చాను. ఇన్ని నెలలు నోరు కుట్టుకుని దాచిన మాట, పుస్తకం తెరవకముందే బయట పడిపోయింది. ఇంక ఎవరు చదువుతారు? ఎందుకు చదువుతారు? సాయంత్రం ఫ్లెక్స్ అన్న మీదికి పోయాను.

"సస్పెన్సంత అట్ట మీదనే జెప్పినవ్ గదన్నా!"

ఆయన నిజంగానే బాధపడ్డాడు. "చెల్లె, అంత పెద్ద ఫొటో ఏసి కింద ఏం రాయకుంటె ఆమెకు ఇజ్జత్ ఏడుంటది? నీకు పంపితె నువ్వే గద ఓకే అన్నవ్."

నిజమే కదా.

పుస్తకాలు అందరూ తీసుకున్నారు, తమ ముఖం ఉంది కాబట్టి. ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు. తెరిచినట్టు ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ నాతో మాట మానేసింది. పల్లికాయలు నా సీటు దగ్గరికి వచ్చేసరికి అయిపోయేవి. బస్సులో కథలు చెప్పమని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కిటికీలోంచి చూస్తే లోకం పూర్తిగా తయారైపోయిన వస్తువులా, గోదాముల్లా, గోడల్లా కనబడేది.

అలా చాలా రోజులు గడిచాక, ఒక వానపడే పొద్దున బస్సెక్కితే ముందు సీటులో పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. కానీ కిటికీ వైపు తిరగలేదు. ఒళ్లో పుస్తకం. మొదటి పేజీ. వేలు కదులుతోంది, పెదవులు కదులుతున్నాయి. నేను నిలబడిపోయాను.

"ఎందుకు పెద్దమ్మా సదువుతున్నవ్? సంపింది ఎవరో తెల్సిపాయె గద."

ఆమె తల ఎత్తలేదు. "ఎవలు సంపిన్రో తెల్సింది. ఎందుకు సంపిన్నో తెల్వద్దా? ఊకె సంపుతనా నేను? నడువ్, పోయి కూసో. సదువు ఖరాబైతది."

ఆ మాట గాజులక్క విన్నది. మర్నాడు ఆమె చేతిలోనూ పుస్తకం. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చదవడం రానివాళ్లు పక్కవాళ్ల భుజం మీదికి వంగి, "ఏడిదాంక వచ్చింది? పెద్దమ్మకు కోపమొచ్చిందా ఇంకా?" అని అడిగేవాళ్లు. డ్రైవర్ అన్న కూడా అద్దంలోంచి, "నేనేం తప్పు జేసిన్నో జెప్పున్రి జెర," అనేవాడు. బయట వాన, లోపల పేజీల చప్పుడు. నేను కలగన్న నిశ్శబ్దమే, కాకపోతే నేను కలగన్న దారిలో రాలేదు.

పెద్దమ్మకు ఆ పుస్తకం వానాకాలమంతా పట్టింది, చలి మొదలైంది. ఒకరోజు ముత్తంగి దాటుతుండగా చివరి పేజీకి వచ్చిందని అందరికీ తెలిసింది, ఎందుకంటే ఆమె వేలు ఆగిపోయింది. నా కథలో ఆ ముసలామె ఎందుకు చంపిందంటే, ముప్పై ఏళ్లు మాత్రల స్ట్రిప్పులు పేర్చిన ఆమె స్నేహితురాలిని, చేతులు మెల్లగా ఆడుతున్నాయని ఆ సూపర్‌వైజర్ అందరి ముందూ నవ్వి ఇంటికి పంపేశాడు. అంతే కారణం. రాసేటప్పుడు ఇది చిన్న కారణమేమోనని నాకే భయంగా ఉండేది. పెద్దమ్మ పుస్తకం మూసింది. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసుకుంది.

"మంచిగనే సంపిన," అంది.

తర్వాత పల్లికాయల సంచి తీసి, ముందు నాకే ఇచ్చింది.

ఇప్పుడు పెద్దమ్మ పని మానేసి ఇంటి దగ్గరే ఉంటోంది, పేపరు చదువుతుంది, హత్యల వార్తలు వస్తే ఎవరు చేశారన్నది వదిలేసి ఎందుకు చేశారో వెతుకుతుంది. నాకు ఎప్పుడైనా షిఫ్టు బస్సులో కిటికీ పక్కన కునుకు పడితే, ఆ రోజు గోరంత బొమ్మ చూసి ఓకే అని పంపిన పిల్ల కనబడుతుంది. చేతిలో ఫోను, అద్దానికి ఆనిన తల, పెదవి మీద చిన్న నవ్వు. కింద ఉన్న అక్షరాలు చదవవే అని భుజం పట్టి ఊపాలని చేయి చాపుతాను. అంత హాయిగా నిద్రపోతుంటే లేపబుద్ధి కాదు.

నాకు తోచినట్టు రాశాను. ఎక్కడైనా మాట తడబడినా, అక్షరం తొక్కినా, ఈ మొదటి రాతకు మాఫీ చేసి, నవ్వుకుని వదిలేయండి.